గది బయట నిలబడ్డ మనిషి

 

ముందు వరసలో మీరిద్దరూ ఉన్నారు చూడండి. చెరో 60 కిలోలనుకుందాం, మధ్య దూరం ఒక మీటరు. న్యూటన్ 1687లో అచ్చేయించిన లెక్క మీకు కంఠతా వచ్చు: రెండు ద్రవ్యరాశుల్నీ హెచ్చవేసి, దూరం వర్గంతో భాగించి, 'జి'తో గుణించాలి. ఆ 'జి' విలువ 6.674ను పదివేల కోట్లతో భాగిస్తే వచ్చేంత. చివరికి తేలే ఆకర్షణ, మిల్లీగ్రాములో నలభయ్యో వంతు బరువు. అందుకే ఎవరి కుర్చీలో వాళ్లు నిమ్మళంగా కూర్చున్నారు.

ఇంత చిన్నదాన్ని కొలవడానికి 1798 దాకా పట్టింది. కొలిచింది లండన్ శివారు క్లాపమ్‌లో హెన్రీ కావెండిష్. సాధనం మాత్రం ఆయనది కాదు. జాన్ మిచెల్ అనే మతగురువు చేయించుకుని, ప్రయోగం చెయ్యకుండానే 1793లో పోయాడు.

సన్నటి తీగకు ఆరడుగుల కర్ర అడ్డంగా వేలాడుతుంటుంది. దాని రెండు కొసలా ముప్పావు కిలో లోపు సీసపు గుండ్లు. వాటి పక్కకు ఒక్కోటీ 158 కిలోల గుండ్లు తెస్తే కర్ర రవ్వంత తిరుగుతుంది, తీగ మెలిపడి వెనక్కి లాగుతుంది. కర్ర ఒకసారి ఊగడానికి ఎంతసేపు పడుతుందో చూసి కావెండిష్ తీగ బిగువు లెక్కకట్టాడు.

నాకు నచ్చేది మాత్రం ఆ గది. మనిషి లోపలికి వెళితే చాలు, ఒంటి వెచ్చదనానికి గాలి కదిలి కొలత పాడవుతుంది. అందుకని తలుపు మూసేసి, బయటినుంచి కప్పీలతో గుండ్లు జరిపి, గోడ కన్నాల్లోంచి దుర్భిణీలతో చూశాడు. దీపాలు కూడా బయటే!

ఆయన 'జి' ఊసే ఎత్తలేదు. ఆ కొలతను బట్టి భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లని రాశాడు. ఇప్పటి లెక్క 5.51. తర్వాత ఫ్రాన్సిస్ బెయిలీ ఆ అంకెల్నే మళ్లీ కూడి చూస్తే సగటు 5.448 వచ్చింది. అంత జాగ్రత్తపరుడూ కూడికలో తప్పాడు. తప్పడం వల్లే అసలు విలువకు ఇంకాస్త దగ్గరయ్యాడు.

ముప్పయ్యేళ్లు పేపర్లు దిద్దినవాణ్ణి. దానికి అర మార్కు కొయ్యాలా వద్దా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేదు.