ఒకే నమూనా, ఒకే జట్టు

మన పట్టణములందు గోడ కట్టుటయు, పిదప నీటిగొట్టమునకై దానిని పగులగొట్టుటయు నిత్యకృత్యములు. వాస్తుశిల్పి పటమొకటి, ఇంజనీరు పటమొకటి. నష్టము వచ్చినచో నొకరిపై నొకరు నెపము మోపుదురు. లండనులోని హీత్రో విమానాశ్రయమున 2002లో నిర్మాణ మారంభమై 2008లో తెరవబడిన యైదవ టెర్మినలును చూడుడు. అచ్చట పలు సంస్థలవారు ఒకే జట్టుగా గూడి, కంప్యూటరులో నొకే నమూనాను పంచుకొని, దూలమునకు గొట్టము అడ్డుపడు చోట్లను కట్టకమున్నే సవరించుకొనిరి. దీనికి మూలము యంత్రము గాదు. నష్టభారమును యజమానియగు బి.ఎ.ఎ. సంస్థయే వహించునని వ్రాసికొన్న యొడంబడిక. నెపభయము తొలగిననే గాని లోపమును ముందుగా చెప్పువా డుండడు. మన ప్రభుత్వములు కంప్యూటరు నమూనాలను కోరుటతో తృప్తినొందక, అట్టి యొడంబడికలను గూడ వ్రాయవలెనని మేము కోరుచున్నాము.