పాతబస్తీ యాత్ర: నీటి త్రోవ



కోర్టు పనికో, బంధువులయింట పెండ్లికో హైదరాబాదునకు వచ్చు మన పెద్దలు చార్మినారు క్రింద నిలిచి, లాడ్‌బజారులో గాజులు కొని, సాలార్‌జంగు మ్యూజియములో గడియారము గంట కొట్టు వేళకు జనములో నొదిగి నిలుచుండి, "పట్టణము చూచితిమి" అని తిరుగు బండి యెక్కుచుందురు. అది తప్పు కాదు. కాని అంతమాత్రము చూచినవారు సగమే చూచినవారు. ఈ నగర మిచ్చట నెందుకు పుట్టినది, ఎట్లు పెరిగినది, ఒకనా డెందుకు మునిగినది అను మూడు ప్రశ్నలకును సమాధానము నీటిలో నున్నది. చెరువుగట్టు నెరిగిన మీకు అది పట్టణవాసులకంటె త్వరగా బోధపడును. కావున రెండుదినముల యాత్రకు నాకు తోచిన క్రమమును విన్నవించెదను.

మొదటిదినమున ఎండ ముదురకమునుపే గోలకొండకు పోవలెను. చార్మినారునకు పడమటగా సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్నది. కాకతీయులనాటి మట్టికోటను కుతుబ్‌షాహీ ప్రభువులు రాతికోటగా మార్చిరి. కొండ మొదట ద్వారము క్రింద చప్పట్లు చరచిన శిఖరమున వినబడు వింతను అందరును చూపుదురు. మీరు దానితో తృప్తిపడక గోడలలో పొదిగిన మట్టిగొట్టములను చూడవలెను. దుర్గంచెరువు మొదలగు జలాశయముల నీటిని రాటములతో అంచెలంచెలుగా తొట్లకెక్కించి, ఈ గొట్టములద్వారా మహళ్ళకు పారించిరి. ఆ కొండమీదనే కంచెర్ల గోపన్నను బంధించిన చెరసాల యని చూపు గది కలదు. మల్కిభరాముడని మన కవులు కొనియాడిన ఇబ్రహీం కుతుబ్‌షా ఏలిన కోటయు నిదియే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆయనకే అంకితమొసగెను. ఎనిమిదినెలల ముట్టడికి లొంగని యీ కోట 1687లో లోపలివాడు ద్రోహముచేసి తలుపు తెరచుటచే ఔరంగజేబు వశమయ్యెను.

కోటకు చేరువనే కుతుబ్‌షాహీ సమాధుల తోట కలదు. తుదిరాజగు తానాషా బందీగా దౌలతాబాదున మరణించుటచే ఆయనమాత్ర మిచ్చట లేడు. గుమ్మటములను చూచిన పిమ్మట తోటలోని పెద్దబావికడకు తప్పక పోవలెను. 2013లో వానలకు దాని యొకప్రక్క కూలిపోగా, పాతరాళ్ళ నేరి సున్నముతో మరల కట్టిరి. శిథిలమైన మెట్లబావిని పూడ్చక బాగుచేసికొనవచ్చునని మన యూళ్ళవారు నేర్చుకొనదగిన పాఠమది.

అటనుండి మూసీనదిపై పురానాపూల్ చేరవలెను. ఇబ్రహీం ప్రభువు 1578లో దీనిని కట్టించెను. నగరము పుట్టుటకు పదమూడేండ్లు ముందే వంతెన పుట్టినదన్నమాట. గోలకొండలో జనము క్రిక్కిరిసి నీరు చాలకపోగా, ఆయన కుమారుడు మహమ్మదు కులీ ఏటి దక్షిణపుగట్టున క్రొత్తనగరము వేసి, నడుమ 1591లో చార్మినారును నిలిపెను. దాని పైకెక్కి నాలుగు దిక్కులకు సాగిన నాలుగు వీథులను చూచినచో నగరపు పటము కన్నులకు కట్టును. ప్రక్కనున్న మక్కామసీదును 1617లో కుతుబ్‌షాహీలు ఆరంభింపగా, వారి రాజ్యమును కూల్చిన ఔరంగజేబే 1694లో పూర్తిచేయించెను. సాయంకాలము బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలోని రంగుపెంకుల పనితనము చూడుడు. గోడల పైభాగమున పెంకులు చెక్కుచెదరలేదు. క్రిందిభాగమున మాత్రము చాలచోట్ల పెంకులకు బదులు రంగుపూత కానవచ్చును. ఆ తేడాకు కారణమును రెండవదినమున తెలిసికొందురు.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెను. పై చెరువులు తెగి, ఆ నీరంతయు ఒక్కసారి నదిలో పడెను. సుమారు 15,000 మంది మృతిచెందిరని చెప్పుదురు. ఆషుర్‌ఖానా పెంకులను రాల్చినదియు ఆ వరదయే. అఫ్జల్‌గంజులో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమందు ఒక చింతచెట్టు కలదు. నాడు దానిపై కెక్కినవారు సుమారు నూటయేబదిమంది బ్రతికిరి. ఏ రాజభవనము చూడకున్నను ఆ చెట్టును చూడక మరలవలదు.

ఆ ఉత్పాతము పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించిరి. వారి సలహా ననుసరించి మూసీపై గండిపేటవద్ద ఉస్మాన్‌సాగరము 1920లోను, దాని ఉపనదియగు ఈసీపై హిమాయత్‌సాగరము 1927లోను వెలసినవి. వరద నాపిన ఆనకట్టలే పట్టణమునకు త్రాగునీ రొసగినవి. అంతకుముందు పాతబస్తీ దాహము తీర్చిన మీరాలం చెరువునుగూడ చూడుడు. దాని కట్ట మన మట్టికట్టలవలె సూటిగా నుండదు. ఇరువదియొక్క అర్ధవృత్తపు కమానులు ప్రక్కప్రక్కన నిలిచి, నీటివైపు వంపుతిరిగి యుండును. నీటి త్రోపుడును కమాను తన రెండు కొనలనున్న స్తంభములకు పంచిపెట్టును. అందుచే సన్ననిగోడయు నిలిచినది. రెండువందల ఏండ్లుగా నిలిచియున్న ఆ కట్టను చూచి కట్టుబడి తెలిసిన మేస్త్రీలు తలయూచెదరు.

కథ ఇంతతో ముగియలేదు. 2020 అక్టోబరులో కుండపోతవానలకు పాతబస్తీ దక్షిణమున చెరువుల గట్లు తెగి, ఇండ్లు మునిగి ప్రాణములు పోయినవి. చెరువు శిఖములోను, అలుగు నీరు పోవు వాగులోను ఇండ్లు లేచినచో నీటికి త్రోవయేది? జంటసాగరములకు నీరు చేర్చు 84 గ్రామముల పరిధిలో కట్టడములను అరికట్టుచు 1996లో ప్రభుత్వ ముత్తరువు చేసెను. 2022లో ఆ నిబంధనలు సడలింపబడినవి. ఆ గ్రామములలో భూమి గలవారికి తమ పొలమును మంచివెల కమ్ముకొను హక్కు ముఖ్యము. పట్టణమునకు నీరు ముఖ్యము. ఉభయుల మాటయు త్రోసివేయదగినది కాదు. కాని వాగు దస్తావేజును చదువదు. వానవచ్చిననాడు తన పాతత్రోవనే నడచును.

పూర్వము గోలకొండ రాజ్యపు రేవగు మచిలీపట్టణమున కోఠీ పెట్టుకొని వర్తకము చేసిన ఒలందావారి దేశములో చాలభాగము సముద్రమట్టముకంటె పల్లము. గట్టును కాపాడుట అచ్చట ఊరుమ్మడి బాధ్యత. అందుకై నీటిసంఘములు శతాబ్దులుగా పనిచేయుచున్నవి. మన యూళ్ళలోను నీరటికాడు తూము కాచి, ఊరంతయు కలిసి పూడిక తీసిన కాలము పెద్దలకు తెలియనిది కాదు.

కావున రెండవనాటి సాయంకాలము గండిపేట కట్టపై కొంతసేపు కూర్చుండుడు. వెంట మనుమలున్నచో చార్మినారు కథతోబాటు ఆ చింతచెట్టు కథయు చెప్పుడు. ఇంటికి మరలిన పిదప మొదట మీ యూరి చెరువు అలుగును, దాని దిగువ వాగును ఒకమారు నడచి చూడుడు. ఈ యాత్రాఫల మచ్చటనే యున్నది.