సాంచె తిరగాలంటే



2018 ఏప్రిల్ 28న మణిపూర్‌లోని లీసాంగ్ గ్రామానికి కరెంటు చేరింది. దాంతో దేశంలో జనం ఉంటున్న ఊళ్ళన్నిటికీ విద్యుత్తు అందిందని కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. అది చిన్న విజయం కాదు. అయితే ఆ లెక్కలో ఊరి ఇళ్ళలో 10 శాతానికి, బడి, పంచాయతీ ఆఫీసు వంటి చోట్లకు కరెంటు ఉంటే చాలు. రాత్రిపూట బల్బు వెలగడానికి అది సరిపోవచ్చు, పగలంతా పని నడవడానికి సరిపోదు.

పెద్ద గిర్నికి, మరమగ్గాల షెడ్డుకు కావలసింది నికరమైన త్రీఫేజ్ కరెంటు. వోల్టేజీ పడిపోతే లోడు మీదున్న మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. వైండింగ్ కాలిందంటే చిన్న వ్యాపారి సంపాదన రిపేరుకే పోతుంది.

తెలంగాణలోని సిరిసిల్ల సంగతి చూడండి. అక్కడి సహకార విద్యుత్ సరఫరా సంఘం, జనం నోట్లో ‘సెస్’, 1970లో మొదలైంది. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశంలో తొలుత నిలబెట్టిన ఐదు సంఘాల్లో అదొకటి. కోడినార్, హుక్కేరి, ముళా-ప్రవర, లక్నో మిగతా నాలుగు. సెస్‌లో కరెంటు వాడుకునేవాళ్ళే సభ్యులు, డైరెక్టర్లను ఎన్నుకునేదీ వాళ్ళే. లైను బాగోగులు అడగడానికి ఎక్కడో ఉన్న పెద్ద ఆఫీసు దాకా పోనక్కర్లేదు.

ఆ కరెంటు మీద వేల సాంచెలు, అంటే మరమగ్గాలు, తిరిగాయి. సేటు నూలిస్తాడు, ఆసామి సాంచెలు నడిపిస్తాడు, కార్మికుడికి మీటరు లెక్కన కూలి. ఆడవాళ్ళు కండెలు చుడతారు. కరెంటు పోయిందంటే అందరి కూలీ ఒకేసారి ఆగుతుంది. సాంచె మళ్ళీ అందుకున్న చోట బట్ట మీద అడ్డంగా గీత పడితే ధరా తగ్గుతుంది.

మోటార్లు పెరిగితే వాటిని వైండింగ్ చేసేవాళ్ళు, విడిభాగాలు అమ్మేవాళ్ళు, షెడ్ల దగ్గర హోటళ్ళు పెట్టేవాళ్ళు వస్తారు.

కరెంటుతోనే అంతా అయిపోదు. ఆర్డర్లు లేక సిరిసిల్ల సాంచెలు ఆగిపోయిన రోజులున్నాయి, కార్మికులు ప్రాణాలు తీసుకున్న రోజులూ ఉన్నాయి. 2017లో మొదలైన ప్రభుత్వ బతుకమ్మ చీరల ఆర్డర్లు వాళ్ళకు పని చూపించాయి. సరుకు కొనేవాడు, సమయానికి కరెంటు, రెండూ కావాలి.

ఆ కరెంటు గురించి అడగడానికి ఒక చోటుంది: కరెంటు చార్జీలు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. గిర్ని యజమానీ, ఆసామీ అక్కడ స్వయంగా మాట్లాడవచ్చు. ఏ వేళల్లో కరెంటు పోయింది, ఎన్నిసార్లు మోటారు కాలింది రాసిపెట్టుకున్న పుస్తకంతో అక్కడికి వెళ్ళండి.