మ్యూజియంలో మన వాటా

(హాలహర్వి సభలో చేసిన ప్రసంగ పాఠం)



హాలహర్వికి కర్నూలు కంటే బళ్లారే దగ్గర. బట్టలకైనా, ఆసుపత్రికైనా అటే పోతాం. కానీ అక్కడి రాబర్ట్ బ్రూస్ ఫూట్ సంగనకల్లు పురావస్తు మ్యూజియం మనలో ఎంతమందిమి చూశాం? 1953 అక్టోబరు 1 దాకా మన ఆలూరు తాలూకా బళ్లారి జిల్లాలోదే. ఆ మ్యూజియం చెప్పే కథలో మన నేల కూడా ఉంది.

బ్రూస్ ఫూట్ భూగర్భ శాస్త్రవేత్త. బళ్లారి జిల్లా భూగర్భం మీద ఆయన రాసిన పుస్తకం 1895లో వచ్చింది. పని మీద తిరుగుతూనే పాతకాలం మనుషుల పనిముట్లు ఏరి పెట్టాడు. ఆ సేకరణ 1904లో మద్రాసు మ్యూజియానికి పోయింది. మన రాయిని చూడాలంటే మద్రాసు రైలెక్కాలి! ఆచార్య రవి కోరిశెట్టర్ పూనికతో బళ్లారిలో మ్యూజియం వచ్చాక, సంగనకల్లు తవ్వకాల వస్తువులైనా దొరికిన నేలకు దగ్గర్లో నిలిచాయి.

అక్కడ నునుపు రాతి గొడ్డళ్లు చూడండి. నల్లటి డోలరైట్ రాయిని చెక్కి, బండమీద అరగదీసి చేసినవి. ఊళ్లలో వీటినే పిడుగురాళ్లని చెట్టుకింద దేవర దగ్గర పెడతారు. ఈ సీమలోనే బూడిదదిబ్బలూ ఉన్నాయి. హంపి దగ్గర నింబాపురం దిబ్బను వాలి చితిబూడిద అంటారు. పురావస్తు శాస్త్రం లెక్క వేరు: నాలుగైదు వేల ఏళ్ల కిందట పశువులు కాసినవాళ్లు పేడను కుప్పవేసి మళ్లీమళ్లీ కాల్చితే మిగిలినవి. పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో ఆల్చిన్ తవ్వితే బూడిదలో పశువుల గిట్టల గుర్తులు కనబడ్డాయి. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి బతికిన సుగాలీలకు ఆ గుర్తులు కొత్తవి కావు. (వాళ్లే మన తాతలని మేము అనడం లేదు. అందుకు ఆధారం లేదు.)

అద్దాల పెట్టె ఒక్కటే చాలదు. సంగనకల్లు, కప్పగల్లు గుట్టల్ని క్వారీలు కొరికేశాయి. గుట్టే పోతే ఆ రాయి ఎక్కడిదో చూపేదెట్లా? నిధుల పేరుతో గుంతలు తవ్వేవాళ్లు మరో తెగులు. భూమిలో దొరికిన పాత నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది.

ఇక మన పెట్టెల సంగతి. వెండి నగలు తూకానికి, ఫేటియా, కాంచళి బేరానికి పోతున్నాయి. అవ్వ కుట్టిన అద్దాల పని పట్నం అంగట్లో చేతిసంచిగా వేలాడుతోంది. అది ఎవరు కుట్టారో, ఏ పెళ్లికి కుట్టారో చెప్పే అవ్వలు ఇంకా మన మధ్య ఉన్నారు. గొడ్డలి చేసినవాడి పేరు ఏ మ్యూజియానికీ తెలియదు, మన అవ్వ పేరు మనకు తెలుసు.

అమ్మక తప్పకపోతే అమ్ముకోండి, మేము తప్పు పట్టం. ముందు ఫోటో తీయండి. అవ్వ మాటను గోర్‌బోలిలోనే ఫోనులో రికార్డు చేయండి. పేరు, తండా, ఏ సంవత్సరమో ఒక చీటీ మీద రాసి సంఘానికి ఇవ్వండి. ఈ దసరా సెలవుల్లో పిల్లల్ని బళ్లారి తీసుకుపోదాం. బస్సు ఖర్చు సంఘానిది, సద్ది మీది.