మూలం చూశారా?



నా పీహెచ్‌డీ వైవాలో పరీక్షకులు అడిగిన మొదటి ప్రశ్న, "జర్మన్ ఎప్పుడు నేర్చుకున్నారు?" అని. నాకు జర్మన్ రాదు. ఎవరి థీసిస్ చివరనో కనబడిన జర్మన్ వ్యాసాన్ని, చదివినట్టే నా రెఫరెన్సుల్లోకి ఎక్కించేశాను. ఆయన నవ్వి వదిలేశారు. నాకు పట్టిన చెమటలు మాత్రం ఇప్పటికీ గుర్తే.

అలాంటి పని ప్రతిసారీ నవ్వులతో పోదు. 1980 జనవరి 10న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇద్దరు పరిశోధకుల ఉత్తరం అచ్చయింది. ఐదే వాక్యాలు. మార్ఫిన్ జాతి మందులు ఒక్కసారైనా తీసుకున్న 11,882 మంది రోగుల్లో, అంతకుముందు వ్యసనం లేనివారిలో నలుగురే వాటికి బానిసలయ్యారని అందులో ఉంది. అది ఆసుపత్రిలో ఉన్న రోగుల సంగతి. మాత్రలు ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి మింగేవాళ్ల గురించి అందులో ఒక్క ముక్క లేదు.

2017లో కెనడా పరిశోధకులు ఆ ఉత్తరాన్ని ఉటంకించిన 608 రచనలను తిరగేశారు. వ్యసనం అరుదు అనడానికి 439 రచనలు దాన్నే సాక్ష్యంగా చూపాయి. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లన్న మాటే 491 రచనలు ఎత్తలేదు. ఈలోగా అమెరికాలో ఆ మాత్రలు ఎన్నో కుటుంబాలను కూల్చాయి. తప్పంతా ఉత్తరానిదే అనను. మందుల కంపెనీల ప్రచారం తక్కువేమీ కాదు. కానీ ఐదు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది?

చదవకుండా ఉటంకించడాన్ని మన నిబంధనలూ పట్టుకోలేవు. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రచనలతో 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు. ఆ లెక్క తేల్చే సాఫ్ట్‌వేర్ వాక్యాలు కలిశాయా అని చూస్తుంది; మీరు పేరు చెప్పిన వ్యాసాన్ని తెరిచారా లేదా దానికి పట్టదు.

మూలం చూపడం మనకు కొత్తేమీ కాదు. మెదక్ దగ్గరి కొల్చారం మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ, మూలం లేనిది ఏదీ రాయనని ముందే మాటిచ్చాడు. పదానికి అర్థం చెప్పి, పక్కనే 'ఇత్యమరః' అని అమరకోశాన్ని చూపిస్తాడు. అదీ ఆయన సైటేషన్ స్టైల్!

నేను చెప్పిన రోగుల లెక్క ఆ 1980 సంచికలో, రచనల లెక్క అదే పత్రిక 2017 జూన్ 1 సంచికలో ఉన్నాయి. ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీరు నా మాట పట్టుకుని ఎక్కడా రాయకండి. లైబ్రరీ ఈ సాయంత్రం కూడా తెరిచే ఉంటుందని లైబ్రేరియన్ గారు ఇందాకే చెప్పారు.