టేకాఫ్ అయిన 2 నిమిషాల్లో ల్యాండింగ్! ప్రపంచంలోనే అతి చిన్న విమాన ప్రయాణం

ఫోన్‌లో రెండు ఊళ్ల పేర్లు కొట్టి ఫ్లైట్‌లో ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా చూశారా? కొన్ని వెబ్‌సైట్లు ఏం చేస్తాయంటే, దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించి, టేకాఫ్ ల్యాండింగ్ కోసం ఓ అరగంట కలిపేస్తాయి. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి అయితే ఆ లెక్క కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. కానీ ఇవాళ నేను చెప్పబోయే రూట్ దగ్గర అది పూర్తిగా బోల్తా పడుతుంది.

స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ అనే దీవులున్నాయి. వాటిలో వెస్ట్రే ఒకటి, పాపా వెస్ట్రే ఇంకొకటి. రెండు ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. అంతే! రాజమండ్రిలో గోదావరి మీద రైళ్లు వెళ్లే ఆర్చ్ బ్రిడ్జి ఉంది కదా, దాదాపు దాని పొడవంత. అంత దూరానికి టైమ్‌టేబుల్ ప్రకారం ఫ్లైట్! 1967 నుంచి లోగన్‌ఎయిర్ నడుపుతోంది.

వెబ్‌సైట్ లెక్కలో ఇది అరగంట 12 సెకన్లు. నిజంగా పట్టేది 2 నిమిషాల లోపు. రికార్డు అయితే 53 సెకన్లు! పెద్ద జెట్ అనుకోకండి. ఐలాండర్ అనే చిన్న రెండింజన్ల ప్రొపెల్లర్ విమానం, 8 మంది ప్యాసింజర్లు పడతారు. పైలట్ పక్క సీట్లో కూడా కూర్చోబెడతారు, నాకైతే అదే సీటు కావాలి. దాని వేగం గంటకు 240 కిలోమీటర్లు అనుకున్నా 2.7 కిలోమీటర్లకి 40 సెకన్లే. మిగతా టైమ్ అంతా గాలి చేతిలో ఉంటుంది. విమానం గాలికి ఎదురుగా లేవాలి, ఎదురుగానే దిగాలి. గాలి కలిసొస్తే లేచి తిన్నగా వెళ్లి దిగిపోవడమే. లేదంటే గాల్లో చుట్టు తిరిగి రావాలి.

మరి బోటు లేదా అంటే, ఉంది. సుమారు 25 నిమిషాలు. అలాంటప్పుడు ఈ ఫ్లైట్ టూరిస్టుల సరదా కోసమేనా? అక్కడే చాలామంది పొరబడతారు. పాపా వెస్ట్రేలో ఉండేది వంద మంది లోపే. ఉత్తర సముద్రం, ఈదురు గాలులు, పెద్ద అలలు. ఈ సర్వీసుల్లో టీచర్లు వస్తారు, డాక్టర్లు వస్తారు, పేషెంట్లు వెళ్తారు. అదే విమానం ఆర్క్నీలో పెద్ద ఊరైన కిర్క్‌వాల్‌తో కూడా ఈ రెండు దీవుల్నీ కలుపుతుంది. అంటే మన పల్లెటూరి బస్సు లాంటిదే, రెండు స్టాపుల మధ్య సముద్రం ఉంది, అంతే తేడా. టికెట్ డబ్బులతో గిట్టుబాటు కాదు కాబట్టి అక్కడి కౌన్సిల్ సబ్సిడీ ఇస్తుంది. ఇవ్వాల్సిందే అంటాను నేను. ఆ సర్వీసు ఆగిపోతే వంద మంది కూడా లేని దీవిలో పిల్లల్ని పెట్టుకుని ఎవరుంటారు చెప్పండి?

అన్నట్టు, ఆ దీవిలో నాప్ ఆఫ్ హోవర్ అనే రాతి ఇల్లు ఉంది, వయసు 5,000 ఏళ్ల పైనే. గిజా పిరమిడ్ల కంటే పాతది. దాని గురించి ఇంకో ఎపిసోడ్‌లో చెప్తాను. రాజమండ్రి వాళ్లు ఎవరైనా ఉంటే, మీ రైలు ఆర్చ్ బ్రిడ్జి దాటడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో టైమ్ చూసి కామెంట్‌లో పెట్టండి.