ఫ్యూజు మీది అంకె చదవండి



ఇప్పుడు మనకు ఎక్కడికి పోవాలన్నా బండే. పాలకేంద్రానికి బండి. సంతకు బండి. పిల్లకు జ్వరమొస్తే ఆసుపత్రికీ బండే. కొందరం నడుపుతున్నాం. కొందరం వెనక కూర్చుంటున్నాం. ఆ బండి చీకటి పడ్డాక దారి మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందో మీకు తెలుసు.

బండి ఆగడానికి చాలాసార్లు కరెంటే కారణం. ఆ కరెంటు సంగతి ఈ రోజు చెప్పుకుందాం.

ముందు మా పక్కింటి వదిన సంగతి వినండి. వాళ్ల బండి ఒకరోజు ఆగిపోయింది. ఫ్యూజు పోయింది. ఎవరో దాని బదులు రాగి తీగ చుట్టి పెట్టారు. బండి రెండు రోజులు బాగానే నడిచింది. మూడోరోజు వదిన చంటిబిడ్డతో వెనక కూర్చుంది. సీటు కింద నుంచి పొగ వచ్చింది. అందరూ దూకేశారు. దారిన పోయే ఒకాయన ఇసుక పోసి ఆర్పాడు. మనుషులు బతికారు. వైర్లన్నీ కాలిపోయాయి.

అసలు తప్పు ఎక్కడుంది? ఎలుక ఒక వైరును కొరికింది. ఆ వైరు ఇనుముకు తగిలింది. అందుకే మొదట ఫ్యూజు పోయింది. ఫ్యూజు పోవడం జబ్బు కాదమ్మా. అది హెచ్చరిక.

మన చెరువుకు అలుగు ఉంటుంది గదా. నీళ్లు ఎక్కువైతే అలుగు పారుతుంది. కట్ట నిలుస్తుంది. అలుగు మూసేస్తే కట్ట తెగుతుంది. ఫ్యూజు కూడా అంతే. కరెంటు ఎక్కువైతే తాను తెగిపోయి వైర్లను కాపాడుతుంది. దాని బదులు తీగ పెట్టడమంటే అలుగు మూసినట్టే. పైగా పక్కనే పెట్రోలు ట్యాంకు ఉంది.

ఫ్యూజు ఎక్కడుంటుంది? ఎక్కువగా సీటు కిందో, పక్క డొప్ప లోపలో, బ్యాటరీ దగ్గర ఉంటుంది. చిన్న ప్లాస్టిక్కు ముక్క. రెండు కాళ్లు ఉంటాయి. వెలుతురుకు పట్టి చూడండి. లోపలి సన్నని రేకు తెగినా, నల్లబడినా అది పోయినట్టే. దాని మీద 10 అనో, 15 అనో, 20 అనో అంకె ఉంటుంది. మామూలుగా 10 ఎర్రగా, 15 నీలంగా, 20 పసుపుగా ఉంటాయి.

తాళం ఆపి, అదే అంకె ఉన్న ఫ్యూజు పెట్టండి. 10 ఉన్నచోట 20 పెట్టకండి. కొత్తది కూడా వెంటనే పోతే ఇక పెట్టకండి. ఎక్కడో వైరు తగులుతోంది. మెకానిక్కుకు చూపించండి.

బండి స్టార్టు కాకపోతే ఇలా చూడండి. తాళం తిప్పి హారను నొక్కండి.

దీపాలు లేవు, హారనూ లేదంటే ముందు ఫ్యూజు చూడండి. తరువాత బ్యాటరీ వైర్లు ఊడాయేమో చూడండి.

హారను సన్నగా మూలిగి, దీపం గుడ్డిగా వెలిగి, సెల్ఫ్ కొడితే టకటకమంటే బ్యాటరీ నీరసంగా ఉంది. లేదా దాని వైర్లు వదులుగా ఉన్నాయి.

హారను గట్టిగా మోగినా సెల్ఫ్ పలకలేదా? హ్యాండిల్ మీద ఎర్ర మీట చూడండి. పిల్లలు నొక్కి ఉంటారు. బండి గేరులో ఉందేమో, సైడు స్టాండు దిగి ఉందేమో కూడా చూడండి.

ఇంజను తిరుగుతోంది కానీ అంటుకోవడం లేదా? ముందు పెట్రోలు చూడండి. ఆ తరువాత ప్లగ్గు టోపీ ఊడిందేమో, తడిసిందేమో చూడండి. ఇంజను వేడిగా ఉంటే చెయ్యి పెట్టకండి.

ఇక బ్యాటరీ. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లలో చాలావాటికి పెట్రోలు పంపు కరెంటుతోనే నడుస్తుంది. బ్యాటరీ పూర్తిగా దిగిపోతే కిక్ కొట్టినా స్టార్టు కాకపోవచ్చు. అందుకని బ్యాటరీని కనిపెట్టుకుని ఉండాలి.

బ్యాటరీ మీద రెండు గుర్తులు ఉంటాయి. కూడిక, తీసివేత. మనం లెక్కల్లో నేర్చుకున్నవే. అక్కడ తెల్లగా, పచ్చగా పొడి పడితే కరెంటు సరిగా పారదు. వైర్లు విప్పి, వంటసోడా కలిపిన నీళ్లతో పాత బ్రష్షు పెట్టి రుద్దండి. ఆరాక బిగించి, కొంచెం వ్యాజిలైన్ రాయండి. ఒక్కమాట గుర్తుంచుకోండి. తీసేటప్పుడు తీసివేత ముందు. కూర్చేటప్పుడు కూడిక ముందు. ఇలా చేస్తే పానా బండి ఇనుముకు తగిలినా నిప్పురవ్వలు రావు. బ్యాటరీ దగ్గర బీడీ, దీపం ఉండకూడదు. అందులో నుంచి అంటుకునే గాలి వస్తుంది.

నీళ్లు పోసే బ్యాటరీ అయితే రెండు గీతల మధ్య నీళ్లుండాలి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. కుళాయి నీళ్లు వద్దు. మూత లేని కొత్త రకం బ్యాటరీని విప్పకండి.

"కొత్త బ్యాటరీ వెయ్యాలమ్మా" అని మెకానిక్కు అంటే వెంటనే డబ్బులు తియ్యకండి. మీటరు పెట్టి చూపించమనండి. ఇంజను ఆపి ఉన్నప్పుడు, మంచి బ్యాటరీకి 12.6 వోల్టుల దాకా ఉంటుంది. ఇంజను నడుస్తుంటే 14 వోల్టుల దగ్గరికి పెరగాలి. పెరగలేదంటే చార్జింగు తప్పు. అది బాగు చెయ్యకుండా కొత్త బ్యాటరీ వేస్తే, అదీ దిగిపోతుంది. డబ్బు దండగ.

నెలకోసారి మూడు పనులు చెయ్యండి. బ్యాటరీ వైర్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడండి. హ్యాండిల్ తిప్పి, వైరు ఎక్కడన్నా ఒరుసుకుంటోందేమో చూడండి. ఎలుకలు కొరికాయేమో చూడండి. మీటల మీద, ప్లగ్గు మీద గట్టిగా నీళ్లు కొట్టి కడగకండి. బండి ఊరికే ఉంటే వారానికోసారి కాసేపు నడపండి. అదనపు దీపాలు, పెద్ద హారన్లు ఉన్న వైర్లకే తగిలించకండి.

ఇవాళ ఇంటికి వెళ్లాక ఒక పని చెయ్యండి. బండి తాళం ఆపి, ఫ్యూజు పెట్టె తెరవండి. ఫ్యూజు మీది అంకె చదవండి. మీ నోటు పుస్తకంలో రాసుకోండి. అదే అంకె ఫ్యూజు ఒకటి కొని బండిలో ఉంచండి. కొద్ది రూపాయలే అవుతుంది.

అంకెలు నేర్చుకున్నాం గదా. మన ప్రాణం కాపాడే అంకెను కూడా చదువుదాం.